రాగి బిందె గాస్కెట్

గేటు మూయడానికి ఇంకా 14 రోజులు. తాడిపత్రి దాటాక, నీళ్ళ ట్యాంకు దగ్గర.

ఈ బండి పుస్తకాన్ని గేటు దగ్గర ఆఫీసరు తిరగేస్తాడని తెలుసు. తిరగెయ్యనీ. వాళ్ళు అడిగినవన్నీ ముందు పేజీల్లో ఉన్నాయి. ఎన్ని కిలోమీటర్లు నడిచింది, ఎంత కానుగ డీజిల్ తాగింది, బండింట్లో ఎంతమంది ఉన్నారు. ఇద్దరం. నేను చౌడమ్మ, ముప్పై ఎనిమిదేళ్ళు. మా అత్త ఆదెమ్మ, అరవై మూడు. వెనక పేజీలు మాత్రం నావి. ఇక్కడ ఎవర్ని తిట్టినా అది నా ఇష్టం.

పొద్దున ఇంజన్ ఆయిల్ చూద్దామని గేజీ పుల్ల లాగితే పాలు కలిపిన టీ రంగులో వచ్చింది. నల్లగా రావాలి. టీ రంగు వచ్చిందంటే ఆయిల్లోకి నీళ్ళు దిగాయన్నమాట. కింద బ్లాకుకూ పైన హెడ్డుకూ నడుమ ఉండే గాస్కెట్ పోయింది. రేడియేటరు మూడు రోజులుగా బిందెలకు బిందెలు ఎందుకు తాగుతోందో ఇప్పుడు తెలిసింది. ఈ బండితో గువ్వలచెరువు ఘాటు ఎక్కలేం. ఎక్కకపోతే వేసవి గడిపే చల్లటి పైమెట్ట లేదు. పైమెట్ట గేటు మూస్తే మళ్ళీ వానలు పడేదాకా తెరవరు. కింద ఎండ యాభై రెండు దాటుతుంది. నిరుడు గేటు అందుకోలేకపోయిన మూడు బళ్ళను వానల తర్వాత తలుపులు పగలగొట్టి తీశారు. లోపలివాళ్ళ గురించి రాయను.

మా వరుసలో ఇరవై మూడు బళ్ళు. వరుసకు పెద్ద మాబాషన్న. వచ్చి బానెట్ వైపు చూసి, ఇంజనుకు షెడ్డువాళ్ళు వేసిన సీసం సీలును వేలితో తట్టాడు.

"షెడ్డుకు చెప్పమంటావా చౌడమ్మా?"

"షెడ్డు పేరు నా బండి కాడ ఎత్తొద్దన్నా," అన్నాను.

షెడ్డువాళ్ళు సీలు విప్పి ఇంజను బాగుచేస్తే కూలి తీసుకోరు. మనిషిని తీసుకుంటారు. ఇంటికొకరు, ఏడాదిపాటు, వాళ్ళ కానుగ నూనె గానుగల దగ్గర. ఆ రేకుల కింద వేసవిలో కూడా గానుగలు ఆగవు. రెండేళ్ళ క్రితం డీజిల్ పంపు పోతే మా ఆయన సుంకన్న వెళ్ళాడు. తొమ్మిదో నెలలో కబురొచ్చింది. గానుగ దగ్గరే పడిపోయాడట, మళ్ళీ లేవలేదట. బండిని నేను తోలిన తోలుడుకే పంపు పోయిందని మా అత్త ఆరోజు నుంచి ఈరోజు దాకా అంటూనే ఉంది. ఆమె కొడుకు మరి. నాకు మాత్రం ఎవరూ కాదు కాబోలు!

గేటుకు 13 రోజులు. ట్యాంకు దగ్గరే.

సీలు నేనే తెంపాను. అందరూ చూస్తుండగా తెంపాలని వరుస కట్టుబాటు. తెంపాను.

నేరం కాదు. కానీ చెయ్యి పెట్టిన బండి వరుసలో తోకకు పోవాలి. ఇరవై రెండు బళ్ళ దుమ్మూ తినాలి. దారిలో ఆగిపోతే ఎవ్వరూ తాడు వేసి లాగకూడదు. వేసిన బండికి కూడా షెడ్డులో లెక్క రాస్తారు. ఇక సీలు లేని బండి దారిలో ఆగిందంటే షెడ్డువాళ్ళు బాగుచేసి వదులుతారు గానీ ఏడాది కాదు, రెండేళ్ళకు మనిషిని తీసుకుంటారు. మన ఇంజన్ మనం బాగుచేసుకున్నందుకు ఇన్ని శిక్షలు. ఈ కట్టుబాట్లు రాసినవాడు జీవితంలో ఒక్క బోల్టు విప్పి ఉండడు.

పక్కబండి ఆడవాళ్ళు అప్పుడే తమ ఉతికిన బట్టలు మా తాడు మీద నుంచి తీసేసుకున్నారు. నా చేతిలో సీలు కాదు, పాము చచ్చి వేలాడుతున్నట్టు చూశారు. నిన్నటిదాకా మా దగ్గర చింతపండు బదులు తీసుకున్నవాళ్ళే!

మా అత్త మెట్టు మీద కూర్చుని అంతా చూసి, "మొగోళ్ళకే కాని పని. నీకేంటికే?" అంది.

"మొగోణ్ణి పంపినాం గదా, ఏమొచ్చింది?" అన్నాను. అనకుండా ఉండాల్సింది. అన్నాను.

గేటుకు 12 రోజులు.

హెడ్డు దిగింది. ఈ ఇంజనుకు రెండు హెడ్లు, పోయింది వెనక మూడు సిలిండర్లది. అయినా ఇద్దరు మనుషుల బరువు. రెండు బళ్ళ మధ్య ఇనప పైపు కట్టి గొలుసు వేసి లేపాలి. రెండో బండి ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వలేదు. చివరికి మా మంచం పట్టెలు విప్పి మూడు కాళ్ళు నిలబెట్టి లాగాను. ఈ రాత్రి నుంచి కింద పడుకోవడమే. ఎడమ చేతి చూపుడువేలు గోరు పోయింది. అత్త గుడ్డపేలిక ఒకటి నా వైపు విసిరింది. కట్టుకున్నాను. థాంక్స్ చెప్పలేదు, ఆమె ఎదురుచూడనూ లేదు.

గాస్కెట్ వెనక సిలిండరు దగ్గర నల్లగా కాలి చిల్లుపడింది. కొత్తది ఎక్కడిది? షెడ్డులో తప్ప ఎక్కడా ఉండదు. అయితే మా నాన్న ట్రాక్టర్లు చూసేవాడు. గాస్కెట్ లేకపోతే ఏంచేస్తావని ఎవరైనా అడిగితే "రాగిరేకు" అనేవాడు. రాగిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే వెన్నలా మెత్తబడుతుంది. రెండు ఇనపముద్దల మధ్య పెట్టి బిగిస్తే సందుల్లోకి తనే సర్దుకుంటుంది.

మా బండిలో రాగి ఒకచోటే ఉంది. అత్త బిందె. ఆమె పుట్టింటివాళ్ళు పెట్టింది, పెద్దది, నడుం దగ్గర పేరు కొట్టించి ఉంటుంది. నలభై ఏళ్ళుగా ఆమె ఆ బిందెలో నీళ్ళే తాగుతోంది. ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు గొంతు దిగవంటుంది.

అత్త ట్యాంకు దగ్గర నీళ్ళ క్యూలో ఉంది. ఆమె వచ్చేదాకా ఆగి అడగొచ్చు. అడిగితే ఇవ్వదు. ఇవ్వనన్నాక తీసుకుంటే దొంగతనం. ఇదీ నా లెక్క. బిందె నీళ్ళు బకెట్లో ఒంపి, కత్తెర పెట్టాను.

ఆమె తిరిగొచ్చేసరికి బిందె లేదు. రెండు రాగిరేకులూ, ఒక అంచూ ఉన్నాయి. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. పేరున్న ముక్క తీసుకుని కొంగుతో తుడిచింది.

"ఇంగ నాకూ నీకూ మాటల్లేవు. నేను చచ్చినా నీతో ముందు మాట్లాడను," అంది.

"మాట్లాడాకు," అన్నాను. "చెవులన్నా చల్లగుంటాయి."

మాబాషన్న అటుగా పోతూ ఇదంతా విన్నాడు. "అత్త మీద కోపం దుత్త మీద అంటారే. నువ్వు ఏకంగా బిందె మీదనే తీసినావు," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

గేటుకు 10 రోజులు.

రెండు రోజులుగా మాటల్లేవు. అన్నం వండి మూతపెట్టి పక్కన పెడుతుంది. నేను తిని గిన్నె కడిగి అక్కడే పెడతాను. ఉప్పు తక్కువైతే తక్కువే, అడగడానికి లేదు.

నిన్న రేకు కత్తిరించి, పాత గాస్కెట్ మీద పెట్టి బోల్టు రంధ్రాలు, నీటి దారుల రంధ్రాలు గుర్తుపెట్టి కొట్టాను. ఈరోజు కాల్చి ముంచాను. చేతిలో అప్పడంలా ఊగింది.

మధ్యాహ్నం దుమ్ముగాలి లేచింది. బ్లాకు నోరు తెరుచుకుని ఉంది. నడుముకున్న నీలం గళ్ళ తువ్వాలు చింపి, కనబడిన ప్రతి రంధ్రంలో గుడ్డ కుక్కాను. రోడ్డు మీద పుట్టినవాళ్ళం ఇలాంటిది ఆలోచించి చెయ్యం. రంధ్రం కనబడితే చెయ్యే గుడ్డ వెతుకుతుంది. పిల్లల చెవులు కూడా వదలం. పైన దుప్పటి కప్పి బండిలోకి పరిగెత్తాను.

గాలి తగ్గాక వచ్చి చూస్తే అత్త ఇంజను పక్కన నిలబడి ఉంది. నన్ను చూసి అటు తిరిగి వెళ్ళిపోయింది. దుప్పటి ఒక మూల లేచి ఉంది. నాకు అప్పుడే ఒళ్ళు మండింది, కానీ మాటల్లేవు కదా. గుడ్డలన్నీ లాగేశాను. దుమ్ము తుడిచాను. రాగిరేకు పెట్టి హెడ్డు దించాను. బోల్టులు నడుమ నుంచి అంచులకు, మూడు విడతలుగా, చుట్టు చుట్టుకూ నాన్నను తలుచుకుంటూ బిగించాను.

గేటుకు 9 రోజులు.

మొదటి సెల్ఫ్‌కే అందుకుంది! పొగ తెల్లగా లేదు. మార్చి పోసిన ఆయిల్లో టీ రంగు లేదు. నా గోరు, నా మంచం, నా నడుము, అన్నీ పోతే పోయాయి. వరుసలో ఒక్కరు కూడా వచ్చి బాగుందనలేదు. అనక్కర్లేదు. తోకకు వెళ్ళి నిలబడ్డాం.

గేటుకు 6 రోజులు. కడప బయట.

మూడు రోజులుగా దుమ్ము తింటున్నాం. పళ్ళ మధ్య కరకరలాడుతోంది. టీ మీద కూడా ఎర్ర పొర తేలుతుంది. ఇంజను వేడి చూపే సూది మాత్రం మామూలు చోటే ఉంది. చదును రోడ్డు మీద అన్ని ఇంజన్లూ మంచివే. ఘాటు మీద చూడాలి.

అత్త ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు కళ్ళు మూసుకుని తాగుతోంది. చూసి కూడా చూడనట్టున్నాను.

గేటుకు 4 రోజులు. గువ్వలచెరువు ఘాటు, సగంలో.

ఏడో మలుపు దగ్గర సూది ఎరుపులోకి పోయింది. ఎనిమిదో మలుపు దగ్గర రేడియేటరు మూత ఎగిరింది. ఆగిపోయాం.

ముందు బండి వెనక్కి చూసింది, ఆగలేదు. మాబాషన్న కిందికి నడిచొచ్చాడు. తాడు చేతిలోనే ఉంది. వెయ్యడానికి కాదట, బండి లోయలోకి జారకుండా బండకు కట్టడానికి.

"నేను తాడేస్తే నా ఇంటి నుంచి ఒకర్ని అడుగుతారు చౌడమ్మా. నాకుండేది ఇద్దరు ఆడపిల్లోళ్ళు. నువ్వే చెప్పు, ఎవుర్ని పంపల్ల?"

నాకు నిజంగా అతన్ని కొట్టాలనిపించింది. అతని స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని, అందుకే ఇంకా కొట్టాలనిపించింది.

షెడ్డు వ్యాన్ రెండు గంటల్లో వచ్చింది. ఆ దారిలో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, గద్దలాగా. గుమాస్తా పేరు తిరుపాలు, వెంట ఆరుగురు మనుషులు. గంటలో హెడ్డు దించేశారు. నాకు ఒకరోజు పట్టిన పని. రాగి గాస్కెట్ వెనక సిలిండరు దగ్గర చిట్లింది. తిరుపాలు టార్చి వేసి నీటి దారిలోకి చూసి, వంచిన తీగ పెట్టి లాగాడు. లోపల నుంచి నల్లటి గుడ్డ ఉండ బయటికొచ్చింది.

"నీళ్ళు తిరక్కండా దీన్నెవురు కుక్కినారమ్మా? ఈడనే మరిగిపోయింది. గాస్కెట్ మాత్రం బాగా చేసినావు," అన్నాడు.

అప్పుడు నా నోరు లేచింది. ఆరోజు ఇంజను పక్కన నిలబడ్డది, నన్ను చూసి మొహం తిప్పుకుంది, దుప్పటి మూల లేపింది, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి.

"నువ్వే! నువ్వే కుక్కినావు! బిందె కోసినానని పగబట్టి, ఇద్దర్నీ సంపుదామని చూసినావు గదే ముసిల్దానా! నీ కొడుకును తిన్నాది నేనంటావే, ఇప్పుడు నన్ను తినేది ఎవురు?"

ఆరుగురూ వింటున్నారు. మాబాషన్న వింటున్నాడు. ఎనిమిదో మలుపు మొత్తం వింటోంది.

అత్త నా వైపు చూసింది. మాట్లాడింది నాతో కాదు, తిరుపాలుతో.

"అవును నాయనా, నేనే కుక్కినా. రాసుకో. ఆదెమ్మ, రెండేండ్లు. వేలు యాడ పెట్టల్ల?"

అడ్డుపడలేదు నేను. ఈ మాట ఇక్కడ రాయాలి, అందుకే ఈ వెనక పేజీలు. అడ్డుపడలేదు. చేసింది అనుభవించనీ అనుకున్నాను. ఆమె బట్టల మూట, ఒక చెంబు తీసుకుని వ్యాన్ ఎక్కింది. వాళ్ళ గాస్కెట్ వేసి, హెడ్డు బిగించి, కొత్త సీలు వేసి వెళ్ళారు. గుడ్డ ఉండ మెట్టు మీద పడి ఉంటే సాక్ష్యానికని తీసి దాచాను. ఎవరికి సాక్ష్యమో!

గేటుకు 2 రోజులు. పైమెట్ట.

గేటు దాటాను. ఆఫీసరు ముందు పేజీలే చూశాడు. "ఇద్దరని ఉంది, ఒకరే ఉన్నారే?" అన్నాడు. "ఒకరు షెడ్డులో," అన్నాను. రాసుకున్నాడు. వాళ్ళకు ఇది మామూలే.

ఇక్కడ గాలి చల్లగా ఉంది. కాస్త మబ్బు కూడా ఉంది. కొత్త సీలున్న బండి కాబట్టి పక్కబండి ఆడవాళ్ళు మళ్ళీ వచ్చి మా తాడు మీద బట్టలు ఆరేశారు. "మీ అత్త అట్ల చేసిందంట గదా, ఎంత కడుపుమంట!" అన్నారు. అవునన్నాను. మాట్లాడ్డానికి మనిషి దొరికిందని గంటసేపు మా అత్తను ఆడిపోసుకున్నాను. బాగానే ఉండింది.

గేటుకు 1 రోజు.

పొద్దున బట్టలు ఉతుకుతూ ఆ గుడ్డ ఉండ కూడా కుంకుడు నీళ్ళలో పడేశాను. సాక్ష్యం కదా, కొంచెం శుభ్రంగా ఉంటే మంచిదని. మసి వదిలింది. విప్పితే నీలం గళ్ళు.

నా తువ్వాలు.

కుక్కింది నా చెయ్యే. లోతుగా పోయిన ఒక ముక్కను వదిలేసింది కూడా నా చెయ్యే. ఆమె ఆరోజు దుప్పటి ఎందుకు లేపిందో నాకు తెలియదు. ఆమె చెయ్యి మాత్రం పెట్టలేదు. చెయ్యనిదాన్ని చేశానని వేలిముద్ర వేసి, అరవై మూడేళ్ళ మనిషి ఆ రేకుల కిందికి పోయింది. నేను ఇక్కడ చల్లగాలిలో కూర్చుని ఆమెను తిట్టుకున్నాను. నా మీద నాకు కలిగిన అసహ్యం రాయడానికి ఈ పుస్తకంలో చోటు చాలదు.

మాబాషన్న నేను బండి తిప్పడం చూసి అడ్డమొచ్చాడు.

"రేపు సాయంత్రం గేటు మూస్తారు. దిగితే మల్ల ఎక్కలేవు. తెల్సా నీకు?"

"తెల్సు."

"ఆమె చేసింది, ఆమె పోయింది. నీకేంటికి?"

"ఆమె చెయ్యలేదన్నా," అన్నాను. ఈసారి పక్కబండి ఆడవాళ్ళకు కూడా వినబడేలా అన్నాను. అతను దారి వదిలాడు. వాళ్ళు బట్టలు తీసుకోకముందే బండి కదిలింది. ఎవరిదో చీర రాయచోటి దాకా తాడు మీదే వచ్చింది.

గేటు మూసిన రోజు. ఘాటు కింద, షెడ్డు.

మధ్యాహ్నానికి చేరాను. ఆఫీసరు గేటు దగ్గర ఆగమని చెప్పి చూశాడు. ఆగలేదు. ఆయన ఇప్పుడిది చదవలేడు, బతికిపోయాడు.

షెడ్డు చుట్టూ ఇనప కంచె. లోపల రేకుల కింద నాలుగు గానుగలు తిరుగుతున్నాయి. కానుగ పిండి వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. అత్త మూడో గానుగ దగ్గర ఉంది. నాలుగు రోజుల్లోనే చెంపలు లోపలికి పోయాయి. నన్ను చూసి గింజల చేట కింద పెట్టి కంచె దగ్గరికొచ్చింది. మాటల్లేవన్న పట్టుదల ఎవరు ముందు వదిలారో చెప్పలేను. ఇద్దరం ఒకేసారి అరిచాం.

"ఏంటికొచ్చినావే! పైన ఉండమంటే కిందికి దిగుతావా? బుద్ధుండాదా నీకు?"

"గుడ్డ నాది! నేనే కుక్కినా!"

"తెల్సు," అంది.

ఎలా తెలుసని అడిగాను.

"నువ్వు కుక్కేటప్పుడు మెట్టు మీద నుంచి సూస్తానే ఉన్యా. ఒక ముక్క లోపలికి పోయె. గాలి తగ్గినాక వచ్చి దుప్పటి లేపి సూస్తే చెయ్యి పట్టని తావులో ఉండాది. నీకు చెబుదామని నిలబడితి. నువ్వొస్తివి. మొగం సూస్తే మాట రాలే. నోరు తెరిస్తే నేనే ముందు మాట్లాడినట్టయితాది గదా. నువ్వే సూసుకుంటావులే అని పోతి." కంచె పట్టుకుంది. "ఒక్క మాట చెప్పింటే సరిపోతుండె. నా పొగరుకు బండి మరిగె. అందుకే వేలు పెడితి. నీ తప్పు నా నెత్తికేసుకున్యా అనుకున్యావా? నా తప్పుకే పెడితి."

నేనేమన్నానో గుర్తులేదు. తిట్టాననుకుంటాను. ఏడుస్తూ తిట్టాను. ఆమె కూడా అంతే చేసింది. గానుగలవాళ్ళు పని ఆపి చూశారు.

తిరుపాలు వచ్చాడు. ఆమె వేలిముద్ర చెరిపి నాది వేసుకోమన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"రాసింది తుడిపేది ల్యా. రెండేండ్లు అంటే రెండేండ్లే. కావాలంటే ఇద్దరూ చెరో ఏడాది చేయండి. గానుగ తిరిగితే మాకు సాలు, ఎవురు తిప్పితే ఏంది?"

"ఇది వేలు పెట్టదు. దీన్ని పంపీ నాయనా," అంది అత్త.

పెట్టాను. బండిని కంచె పక్కన నీడకు చేర్చి, ఈ పుస్తకం చంకలో పెట్టుకుని లోపలికొచ్చాను. తిరుపాలు నన్ను మూడో గానుగ దగ్గరికి పొమ్మన్నాడు, అత్తను తలుపు పక్కదానికి. అత్త కదల్లేదు.

"మూడోది నాదే. దాన్ని తలుపు కాడికి పంపు. ఆడైతే గాలొస్తాది."

"నీకే గాలి కావల్ల అత్తా, నువ్వు పో," అన్నాను.

"నేను పోను. నాలుగు దినాల కింద నేనే అడిగి తీసుకున్యా దీన్ని." గొంతు తగ్గించింది. "వాడు పడింది ఈడనే. ఈళ్ళనడిగి తెలుసుకున్యా. ఈ మూలకు గాలి రాదు. మధ్యాన్నమైతే రేకు నెత్తిన పడినట్టుంటాది. నువ్వుండొద్దు ఈడ."

మా ఆయన ఎక్కడ పడిపోయాడో ఇన్నాళ్ళుగా నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆ నేల వైపు చూశాను. నూనె మరకలు, పొట్టు, అరిగి పాతబడిన తాడు ముక్క. అంతే.

"పొద్దున నువ్వు తిప్పు, మధ్యాన్నం నేను తిప్పుతా," అన్నాను. చేట ఆమె చేతిలోంచి లాక్కున్నాను. అప్పటికి మధ్యాహ్నం రెండైంది.

ఆమె తిట్టడం మొదలుపెట్టింది. నా మొండితనాన్ని, మా నాన్నను, ఆయన ట్రాక్టర్లను, నా చేతివేళ్ళను, బిందెను కోసిన కత్తెరను, ఒక్కదాన్నీ వదల్లేదు. తిడుతూనే తలుపు పక్కకు వెళ్ళి కూర్చుంది. సాయంత్రం గానుగ ఆపి ఇది రాస్తున్నాను, ఇంకా తిడుతూనే ఉంది.